కొత్త సీటు, పాత ఉత్తరాలు

మార్చి నెల, మధ్యాహ్నం రెండు దాటింది. గుంటూరులో మిర్చి సీజను మంచి ఊపు మీదుంది. యార్డుకి వెళ్ళే దారంతా టిక్కీల (మిర్చి బస్తాల) లారీలే. మేడ మీద ఎక్స్‌పోర్ట్ ఆఫీసు కిటికీలు బిగించినా ఘాటు లోపలికి వస్తూనే ఉంటుంది. పాతవాళ్ళెవరికీ అది పట్టదు. మొన్ననే చేరిన మీకు మాత్రం గొంతులో ఒకటే గరగర. మానిటరు అంచున మీ ముందు పనిచేసినవాళ్ళు అంటించిన వెంకన్న స్టిక్కరు. కీబోర్డు పక్కన మేనేజర్ గారు పెట్టి వెళ్ళిన కాగితం. పైన కంపెనీ మెయిల్ అడ్రసు, కింద ఇన్‌కమింగ్, అవుట్‌గోయింగ్ అని రెండు వరుసలు, వాటి చివర 993, 465. ఆ అంకెలేమిటో ఆయనకీ తెలియదు. హోస్టింగ్ వాళ్ళు పంపించింది ప్రింటు తీసి ఇచ్చారు, అంతే.

"అమ్మాయ్, నాలుగింటికల్లా చిట్టగాంగ్ పార్టీకి డాక్యుమెంట్లు వెళ్ళిపోవాలి. ముందు ఆ మెయిలు పెట్టుకో," అంటారు ఆయన ఫోను చెవికి ఆనించుకునే.

థండర్‌బర్డ్ తెరుస్తారు. మొజిల్లా వాళ్ళు 2004 డిసెంబరులో వదిలిన ప్రోగ్రాం ఇది. ఇప్పటికీ ఉచితమే కాబట్టి ఇలాంటి ఆఫీసుల్లో బాగా పాతుకుపోయింది. తెర మీద మూడే గడులు: మీ పేరు, మెయిల్ అడ్రసు, పాస్‌వర్డు. పేరు దగ్గరే ఒక్క క్షణం ఆగుతారు. మీ పేరా, కంపెనీ పేరా? ఇక్కడ ఏం కొడితే అవతలివాళ్ళ ఇన్‌బాక్సులో అదే కనిపిస్తుంది. చిట్టగాంగ్‌లో కూర్చున్న మనిషికి మీరెవరో తెలియదు. కంపెనీ పేరు, పక్కన ఎక్స్‌పోర్ట్స్ అని కొడతారు. పాస్‌వర్డు మేనేజర్ గారు వాట్సాప్‌లో పంపారు. మీ ముందున్నాయన మానేశారు కదా, పొద్దున్నే మార్పించిన కొత్త పాస్‌వర్డు అది. వాట్సాప్ వెబ్‌లోంచి కాపీ చేసి ఇక్కడ అతికించి, కంటిన్యూ నొక్కుతారు.

చిన్న చక్రం తిరుగుతుంది. ఆ కాసేపట్లో ప్రోగ్రాం చాలా తలుపులే తట్టి వస్తుంది. మీ అడ్రసులో అట్ గుర్తు తరవాత ఉన్న డొమైను పేరు పట్టుకుని ముందు కంపెనీ సర్వర్‌నే అడుగుతుంది, నీ సెట్టింగులు రాసిన ఫైలేమైనా పెట్టావా అని. పెద్ద కంపెనీల్లో ఉంటుంది, ఇక్కడెవరు పెడతారు? తరవాత మొజిల్లా దగ్గరున్న జాబితాలో వెతుకుతుంది. జనం ఎక్కువగా వాడే మెయిల్ సర్వీసుల వివరాలన్నీ అందులో ఉంటాయి గానీ గుంటూరు మిర్చి కంపెనీ డొమైను ఉండదు. చివరికి ఊహల్లోకి దిగుతుంది. డొమైను ముందు మెయిల్ అనో ఐమాప్ అనో తగిలించి, ఆ పేరుతో ఎవరైనా పలుకుతారేమో చూస్తుంది. పలికారు. "సెట్టింగులు దొరికాయి" అని ఆకుపచ్చ టిక్కు పడుతుంది.

ఇంత సులువా అనుకునే లోపే హెచ్చరిక పెట్టె దూకుతుంది. సర్టిఫికెట్ సరిపోవడం లేదట. కింద రెండు బటన్లు. ఒకటి వెనక్కి పోయేది, రెండోది "సెక్యూరిటీ ఎక్సెప్షన్ ఖాయం చేయి" అనేది. చెయ్యి రెండోదాని మీదికే పోతుంది, ఎవరికైనా అంతే.

నొక్కకండి. ముందు పెట్టెలో ఉన్నది చదవండి. మీరు అడిగింది మీ కంపెనీ డొమైను పేరుతో ఉన్న మెయిల్ సర్వర్‌ని. జవాబిచ్చిన మిషను చూపించిన సర్టిఫికెట్ మీద హోస్టింగ్ వాళ్ళ పేరుంది. చిన్న కంపెనీలకి సొంత సర్వర్లుండవు, ఒకే మిషను మీద వందల డొమైన్లు అద్దెకుంటాయి. కాబట్టి ఇది దొంగ కాకపోవచ్చు, తొంభై పాళ్ళు కాదు కూడా. కానీ ఒకసారి ఎక్సెప్షన్ ఇచ్చేశారంటే, ఆ సర్టిఫికెట్‌ని ఇక ప్రశ్నించకుండా నమ్మమని ప్రోగ్రాంకి మీరే చెప్పినట్టు. డబ్బు సంగతులు నడిచే మెయిలు పెట్టెకి అది మంచిది కాదు. కాగితం మళ్ళీ చూస్తారు. ఇన్‌కమింగ్ వరుసలో ఉన్నది మీ డొమైను పేరు కాదు, హోస్టింగ్ వాళ్ళ మిషను పేరు! ప్రోగ్రాం ఊహించినదాన్ని మీరు చూడకుండా ఒప్పుకున్నారు. మాన్యువల్‌గా మార్చే చోటికి వెళ్ళి కాగితం మీదున్న పేరు అక్షరం అక్షరం కొడతారు. పోర్టు 993, సెక్యూరిటీ ఎస్సెస్సెల్/టీఎల్ఎస్. యూజర్ నేమ్ గడిలో అట్ గుర్తుకి ముందున్న ముక్క ఒక్కటే సరిపోదు, ఈ తరహా హోస్టింగుల్లో అడ్రసు మొత్తం కొట్టాలి. హెచ్చరిక మళ్ళీ రాదు.

కానీ లాగిన్ ఫెయిల్ అంటుంది. పాస్‌వర్డు తప్పట. కన్ను బొమ్మ నొక్కి చూస్తే చుక్కల బదులు అక్షరాలు కనిపిస్తాయి, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కర్సరు మాత్రం చివరి అక్షరానికి ఆనుకుని లేదు, ఒక అడుగు అవతల మిణుకుమంటోంది. వాట్సాప్‌లోంచి కాపీ చేసినప్పుడు వెనకాలే ఒక స్పేసు కూడా వచ్చేసింది. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టగానే లాగిన్ అవుతుంది.

మీ ఆఫీసు మెయిలు గూగుల్ దగ్గరో మైక్రోసాఫ్ట్ దగ్గరో ఉంటే ఈ తతంగం వేరేగా ఉండేది. ఉత్త పాస్‌వర్డుతో లోపలికి రానివ్వడం గూగుల్ మామూలు ఖాతాలకి 2022 మే 30 నుంచి మానేసింది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో అదే ఏడు అక్టోబరు 1 నుంచి కట్టేయడం మొదలుపెట్టింది. అక్కడైతే బ్రౌజరు కిటికీ ఒకటి తెరుచుకుని ఫోనుకి వచ్చిన కోడు అడుగుతుంది. ఇక్కడ ఇంకా పాత పద్ధతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. అదే తెర మీద రెండు చిన్న గుండ్రాలు: ఐమాప్, పాప్3. ఐమాప్ ముందే ఎంచుకుని ఉంది. ఏదైతే ఏముందిలే అని ముందుకు పోవచ్చు. తక్కిన గడుల్లో తప్పు కొడితే ప్రోగ్రాం ఊరుకోదు, వెంటనే చెప్పేస్తుంది. ఇక్కడ మాత్రం ఏది నొక్కినా మెయిళ్ళు వస్తాయి, పోతాయి, ఏ ఎర్ర గీతా పడదు. ఆఫీసు ఉత్తరాలు ఎక్కడ ఉండాలో తేలేది ఈ రెండు గుండ్రాల దగ్గరే.

తల తిప్పి మూలకి చూడండి. బీరువా పక్కన ఫ్యాను రొదతో పాత కంప్యూటరొకటి ఉంది. మీ ముందున్నాయన వాడింది. దాన్నెవరూ కదపరు, కట్టెయ్యరు. ఎందుకంటే ఏళ్ళ తరబడి వచ్చిన ఎక్స్‌పోర్ట్ మెయిలంతా దాని హార్డ్‌డిస్కులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. ఆయన పాప్ పెట్టుకున్నారు, సర్వర్ మీద కాపీ ఉంచమన్న టిక్కు తీసేశారు. వచ్చిన ప్రతి ఉత్తరమూ ఆ డబ్బాలోకి దిగడం, సర్వర్ మీద చెరిగిపోవడం. మేనేజర్ గారి ఫోనులో ఇన్‌బాక్సు ఎప్పుడు చూసినా ఖాళీ. ఆయన దాన్ని ఫోను జబ్బు అనుకుని రెండు ఫోన్లు మార్చారు.

పాప్‌ని తప్పు పట్టడానికి లేదు. 1984లో మొదటి రూపం వచ్చినప్పుడు అది చూసుకున్నది ఎప్పుడో కాసేపు లైను కలిపే మిషన్లని. మనదేశంలో వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చాక కూడా చాలా కాలం పరిస్థితి అదే. ఫోను లైను మీద కలపడం, ఉత్తరాలు దింపుకోవడం, బిల్లు పెరగక ముందే కట్ చేసి తీరిగ్గా చదువుకోవడం. ఒక మనిషి, ఒక కంప్యూటరు ఉన్న రోజులకి అది సరిపోయింది. ఐమాప్‌ని మార్క్ క్రిస్పిన్ 1986లో స్టాన్‌ఫర్డ్‌లో వేరే ఆలోచనతో మొదలుపెట్టారు. గుంటూరులో ఉన్నవాళ్ళకి అది ఒక్క మాటలో అర్థమవుతుంది: సరుకు కోల్డ్ స్టోరేజీలో, బాండు చేతిలో. ఉత్తరం సర్వర్ మీదే ఉంటుంది. మీ కంప్యూటరు, మేనేజర్ గారి ఫోను, రేపు మీ తరవాత ఈ సీట్లో కూర్చునేవాళ్ళ మిషను, అన్నీ అక్కడున్న అదే ఉత్తరాన్ని చూస్తాయి. మీరు చదివితే ఆయన ఫోనులోనూ చదివినట్టు పడుతుంది. మీరు చెరిపేస్తే అక్కడా పోతుంది, ఆ జాగ్రత్త మీది.

ఐమాప్ గుండ్రం మీదే ఉంచుతారు.

అవుట్‌గోయింగ్ వరుస మిగిలింది. రావడానికి ఒక సర్వరు, పోవడానికి ఇంకొకటి ఎందుకని కొత్తవాళ్ళందరికీ వచ్చే సందేహమే. ఉత్తరాలు పంపే పద్ధతి వీటికంటే ముందు పుట్టింది. జాన్ పోస్టెల్ 1982లో రాసిన ఎస్ఎంటీపీ అది. అందులో పాస్‌వర్డు అన్న మాటే లేదు. నెట్‌వర్కులో ఉన్నవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసిన రోజులు, ఎవరు ఏ ఉత్తరం ఇచ్చినా 25వ పోర్టులో తీసుకుని ముందుకు పంపేవారు. ఆ మంచితనం మీద చెత్త మెయిళ్ళవాళ్ళు పడ్డారు. దాంతో 1998లో మనుషులు తమ ఉత్తరాలు అప్పగించడానికి 587 అని వేరే పోర్టు కేటాయించారు. మీ కాగితం మీదున్న 465ది ఇంకో కథ, ఒకప్పుడు ఇచ్చి, లాక్కుని, 2018లో మళ్ళీ అధికారికంగా దారికి తెచ్చిన పోర్టు. మొదటి మాట నుంచే గుప్తంగా మాట్లాడుతుంది. రెండింట్లో ఏదైనా నడుస్తుంది. ఎవరో పాతకాలపు సలహా ఇచ్చి 25 పెట్టమంటే మాత్రం వినకండి, చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఆ దారి మూసేశాయి. డన్ నొక్కుతారు.

ఎడమవైపు ఇన్‌బాక్సు తెరుచుకుంటుంది. పొద్దుటి నుంచి వచ్చినవి వరసగా దిగుతున్నాయి: షిప్పింగ్ లైనువాళ్ళ నోటీసు, కస్టమ్స్ ఏజెంటు (సీహెచ్ఏ) పంపిన డ్రాఫ్ట్ బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్), ఫైటోశానిటరీ (ఫైటో) సర్టిఫికెట్ రెడీ అన్న కబురు. సగం దిగాక ఆగిపోతాయి. కింద పట్టీలో "సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది" అని ఉంది, అలాగే ఉంది. తరవాత టైమవుట్.

"ఏంటమ్మా, నాకూ మెయిలు ఆగిపోయింది," అని పద్దులు చూసే బాబాయ్ లేచి నిలబడతారు. పక్క గదిలోంచి ఇంకో గొంతు, తనకీ అంతేనని. గూగుల్ తెరుచుకుంటోంది, యూట్యూబు నడుస్తోంది. కంపెనీ మెయిలు ఒక్కటే ఎవరికీ లేదు. మీరు కూర్చుని కెలికిన గంటలోనే ఆఫీసు మొత్తానికి పోయింది! గోడ గడియారంలో మూడుంబావు. అందరి చూపులూ మీ సీటు మీదికి తిరుగుతాయి.

కంగారు పడకుండా ఒక్క పని చేయండి. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, కంప్యూటర్‌ని ఆఫీసు వైఫై నుంచి దాని మీదికి మార్చండి. గెట్ మెసేజెస్ నొక్కండి. గలగలా దిగుతాయి. అంటే మీ సెట్టింగులు బాగానే ఉన్నాయి, సర్వరూ బాగానే ఉంది. ఆఫీసు ఇంటర్నెట్ లైనుకి, ఆ సర్వర్‌కి మధ్య తలుపు మూశారెవరో.

హోస్టింగ్ వాళ్ళకి ఫోను కలుపుతారు. "మేడం, మీ ఐపీ బ్లాక్ అయింది. తప్పు పాస్‌వర్డుతో అదే పనిగా ట్రై చేస్తున్నారు మీ దగ్గరి నుంచి," అంటాడు అవతలి కుర్రాడు. ఆఫీసులో ఎన్ని మిషన్లున్నా బయటికి కనిపించే అడ్రసు ఒకటే. ఆ అడ్రసు నుంచి తప్పుడు పాస్‌వర్డులు మితిమీరి వస్తే సర్వరు ఆ గుమ్మం మొత్తాన్నీ మూసేస్తుంది, లోపల బాబాయ్ ఉన్నారా మీరున్నారా చూడదు. తప్పు కొట్టింది స్పేసుతో వచ్చిన ఆ ఒక్కసారే కదా అని మీరు నసుగుతుంటే అతనే లాగ్ చదువుతాడు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి, కొద్ది నిమిషాలకోసారి, ఆగకుండా. మీరు సీట్లోకి వచ్చింది మధ్యాహ్నం. ఆ అకౌంటే, పాత పాస్‌వర్డు.

ఇంకెవరి దగ్గరుంది ఈ అకౌంటు?

మీ చూపు మేనేజర్ గారి చేతిలోకి పోతుంది. పొద్దున పాస్‌వర్డు మార్పించి, మీకు పంపి, తన ఫోనులో మార్చడం మరిచిపోయారు. ఆ ఫోను జేబులో కూర్చుని, ఆఫీసు వైఫై మీద, పాత తాళంచెవితో పొద్దుటి నుంచి తలుపు గుంజుతోంది. "సార్, మీ ఫోను ఒకసారి ఇస్తారా?" అని అడిగి కొత్త పాస్‌వర్డు కొడతారు. స్పేసు లేకుండా. పనిలో పనిగా అక్కడా పాప్ తీసేసి ఐమాప్ పెడతారు. హోస్టింగ్ కుర్రాడు బ్లాకు తీస్తాడు. బాబాయ్ కూర్చుంటారు.

ఒక టెస్ట్ మెయిలు పంపుకుందాం అని మీకు మీరే రాసుకుంటారు. సబ్జెక్టులో తెలుగులో "పరీక్ష" అని ఒక్క మాట. పంపితే క్షణంలో తిరిగొస్తుంది. ఊరికే, సరదాకి కంట్రోల్ పట్టుకుని యూ నొక్కండి, ఉత్తరం లోపలి బట్ట కనిపిస్తుంది. సబ్జెక్టు అన్న చోట మీరు రాసిన మాట లేదు. నాలుగు, ఎల్, సీ, తరవాత ఇంకో అక్షరం. మళ్ళీ నాలుగు, ఎల్, సీ. మధ్యలో అక్కడక్కడా నాలుగు, ఎల్, జీ. ఇదేం పాడైపోలేదు. 1982 నాటి తపాలా ఇంగ్లిషు అక్షరాలు తప్ప మోయలేదు. 1992లో మైమ్ వచ్చి, ఏ లిపినైనా ఇంగ్లిషు అక్షరాల ముసుగు వేసి పంపే దారి చూపింది. పరీక్ష అన్న మాటలో యూనికోడ్ గుర్తులు ఆరు, ఒత్తు కోసం పెట్టే పొల్లుతో కలిపి. గుర్తుకి మూడు బైట్ల చొప్పున 18, ముసుగు వేశాక 24 అక్షరాలు. హల్లులకి మూడో అక్షరం సీ, గుడి దీర్ఘానికీ పొల్లుకీ జీ అని కాసేపు చూస్తే మీకే తెలిసిపోతుంది. ఈ ముసుగు లెక్కే అటాచ్‌మెంట్లకీ వర్తిస్తుంది. మూడు నాలుగవుతాయి, అంటే 20 ఎంబీ స్కాను దారిలో 27 దాకా ఉబ్బుతుంది. 25 ఎంబీ హద్దు పెట్టుకున్న సర్వర్‌కి పంపితే వెనక్కొస్తుంది. బీఎల్‌ని రంగుల్లో, పెద్ద సైజులో స్కాన్ చేసే అలవాటు ఈ ఆఫీసులో ఉంది, మాన్పించాలి.

ఇంకొక్క సెట్టింగు, ఇది ఎవరూ అడగరు. అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ళకి పేరు మాత్రమే చూపించమని ఒక టిక్కు ఉంటుంది. తీసేయండి. పేరుతో పాటు పూర్తి అడ్రసు కళ్ళ ముందుండాలి. బయ్యరు పేరుతోనే, అడ్రసులో ఒక్క అక్షరం మార్చి, "మా బ్యాంకు ఖాతా మారింది" అని వచ్చే మెయిళ్ళు ఈ వ్యాపారంలో కొంపలు ముంచుతాయి. ఖాతా మారిందన్న ఉత్తరం ఏది వచ్చినా పాత నంబరుకే ఫోను చేసి కనుక్కోవాలి, మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు.

మూల కంప్యూటరు సంగతి కూడా ఈ పూటే మొదలుపెట్టడం మంచిది. దాంట్లోని థండర్‌బర్డ్‌లో ఇదే అకౌంటుని ఐమాప్‌గా ఇంకోసారి చేర్చి, పాత ఫోల్డర్లు పట్టుకుని కొత్తదాని మీదికి కాపీ చేస్తారు. ముందు సర్వర్ మీద ఎంత చోటుందో చూసుకుని, ఏడాదికొక ఫోల్డరు చొప్పున. అడుగున గీత మెల్లగా కదులుతుంటుంది. 2020 ఫోల్డరు పోతుంటే తేదీలు చూసి ఆగుతారు. లారీలు ఆగిపోయిన ఆ జులైలో ఇక్కడి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కి ఎండుమిర్చితో పార్సిల్ రైలు వెళ్ళింది. ఆ రోజుల ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి, గంటకి నాలుగు. ఈ డబ్బాలో హార్డ్‌డిస్కు ఏ రోజు టిక్కుటిక్కుమని ఆగినా ఇవన్నీ పోయేవి. ఎవరికీ పట్టలేదు.

నాలుగు కావస్తోంది. చిట్టగాంగ్ మెయిలు తెరిచి రిప్లై కొడతారు. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటో, బీఎల్ కాపీ, అన్నీ నలుపు తెలుపు స్కానులు, మొత్తం కలిపినా 3 ఎంబీ దాటలేదు. మెయిల్లో బరువులు, సీలు నంబరు రాసి సెండ్ నొక్కుతారు. పోయింది. సెంట్ అన్న పేరుతో ఎడమవైపు రెండు ఫోల్డర్లున్నాయి, ఫోను చేసుకున్నదొకటి, సర్వర్‌దొకటి. మీ కాపీ సర్వర్‌దాంట్లోనే పడేలా అకౌంటు సెట్టింగుల్లో ఇందాకే మార్చారు కాబట్టి అక్కడ కనిపిస్తుంది.

పక్క గదిలో ఫోను టింగుమంటుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి మేనేజర్ గారి ఇన్‌బాక్సు నిండుగా ఉంది. ఆయన దాన్ని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జరుపుతూ సెంట్ ఫోల్డరు దాకా వచ్చినట్టున్నారు.

"అమ్మాయ్!" అని కేక. "నెట్ వెయిట్ దగ్గర గ్రాస్ వెయిట్ వేశావ్. సరిచేసి ఇంకో మెయిలు కొట్టు, త్వరగా!"